ఇటుకపొడితో తోమిన కత్తి

ఆయుధ పూజ నాడు మురికి పట్టిన ఆయుధానికి బొట్టు పెట్టడమంటే, తలంటు పోయకుండా పెళ్ళికొడుక్కి బాసికం కట్టడం లాంటిదని లక్ష్మీదేవి అభిప్రాయం. కదిరి దగ్గర ఆమె పుట్టింట్లో కొడవలి, గొడ్డలి, పార, ఆఖరికి పొయ్యి దగ్గరి ఊదుగొట్టం కూడా నవమికి ముందు ఇటుకపొడి రుచి చూడవలసిందే. పెళ్ళయి బెంగుళూరు వచ్చి, మొగుడు లింగన్నతో కలిసి సిమెంటు తట్టలు మోసిన రోజుల్లోనూ ఆమె ఆ అలవాటు మానలేదు. మేస్త్రీలు నవ్వినా సరే, తాపీలూ పలుగులూ తళతళలాడేదాకా తోమి, వరసగా గోడకు నిలబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టిన తరవాతే మరమరాలు పంచేది.

అటువంటి మనిషికి దేవుడు ఎక్కడ ఉద్యోగం ఇచ్చాడంటే, ఆయుధాల మ్యూజియంలో ఇచ్చాడు. ఇచ్చినవాడు ఊరుకోకుండా, ఏ ఆయుధాన్నీ తోమకూడదని ఒక నియమం కూడా పెట్టించాడు.

దేవనహళ్ళి కోటకు కొంచెం ఇవతల, విమానాలు నెత్తిమీదుగా పోతుంటే కిటికీ అద్దాలు గలగలలాడే ఒక పాత బంగళాలో ఉంది ఆ మ్యూజియం. నల్లగుట్ట పాళెగార్ల వంశంలో చిక్కమునియప్ప నాయకుడని ఒకాయన ఉండేవాడట. మిగతా దొరలు నగలూ గుర్రాలూ పోగేస్తే ఈయన ఆయుధాలు పోగేశాడు. కొన్నవి కొన్ని, పందెంలో గెలిచినవి కొన్ని, వియ్యంకులు పెట్టినవి కొన్ని. కత్తులు, కటార్లు, బల్లేలు, తాబేటి చిప్పంత డాళ్ళు, ఏనుగు కూడా వద్దు బాబోయ్ అనేటంత అంకుశాలు. వాటిని దాచడానికని ఈ బంగళాను బాగు చేయిస్తున్నప్పుడు ఇసుక మోయడానికి వచ్చిన లక్ష్మీదేవి, పని అయిపోయాక కూలీలందరూ వెళ్ళిపోయినా తాను వెళ్ళలేదు. ఊడ్చేదానికి మనిషి కావాలి కదా అని తనే అడిగి, అటెండరుగా కుదురుకుంది.

గాజుపెట్టెల మీద రాసి ఉన్న కన్నడమూ ఇంగ్లీషూ ఆమెకు చదవడం రాదు. అందుకని ఆయుధాలకు తన పేర్లు తను పెట్టుకుంది. వంకర తిరిగిన పెద్ద అంకుశం పేరు అత్త. ఎప్పుడూ పొడవడానికి సిద్ధంగా ఉంటుందని. జంట కటార్లు తోడికోడళ్ళు. నడిమి గదిలో, ఒంటరిగా ఒక పెట్టెలో, నల్లని గుడ్డమీద పడుకుని ఉండే పొడుగాటి కత్తి మాత్రం దొర. అది చిక్కమునియప్ప నాయకుడు స్వయంగా నడుముకు కట్టుకున్న కత్తి. పొద్దున్నే తలుపులు తెరవగానే, "ఏం దొరా, నిద్ర పట్టిందా?" అని దాన్ని పలకరించాకే ఆమె చీపురు పట్టేది.

ఆయుధాల బాగోగులు చూసే పని హరిణిది. ఒంగోలు పిల్ల. ఇనుమూ ఇత్తడీ పాడైపోకుండా కాపాడే చదువు చదివి వచ్చింది. మారతహళ్ళిలో పీజీలో ఉంటూ, రోజూ రెండు బస్సులు మారి, బస్సులోనే జడ వేసుకుని దిగుతుంది. మనిషి చెమట తగిలితే పాత ఇనుము తుప్పు పడుతుందనీ, తెల్ల గ్లవ్స్ లేకుండా ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదనీ వచ్చిన రోజే చెప్పింది. లక్ష్మీదేవి ఆ మాటను వేదవాక్కులా పట్టుకుంది. ఒకసారి మ్యూజియం సెక్రటరీ ఉత్త చేతులతో డాలు ఎత్తబోతే, "గ్లవుసులు యాడప్పా?" అని ఆయన్నే నిలదీసింది.

ఆ ఏడు దసరాకు మ్యూజియంలో ఎవరికీ మనసు మనసులో లేదు. ఆయుధాలు మ్యూజియం సొంతం కావు. నాయకుడి మనవడు సొన్నప్ప జనం చూడ్డానికని ఎరువిచ్చినవి. ఆ గడువు తీరిపోయింది. సొన్నప్పకు ఎనభై దాటాయి. ఆయన మనవడు చేతన్ దగ్గరికి విమానాశ్రయం పక్కన కొత్తగా లేస్తున్న ఒక రిసార్టువాళ్ళు వచ్చారు. రిసార్టు ముందు హాల్లో గోడ నిండా ఈ ఆయుధాలు తగిలిస్తామన్నారు. చేతన్ సరేనన్నాడు. పెద్దాయన మాత్రం, "నవమి నాడు నేనే పోయి, నా కండ్లతో చూసి, పూజ చేసి, అప్పుడు చెప్తా" అన్నాడు. ఆయన ఇంటినుంచి కదిలి చాలాకాలమైంది. మ్యూజియానికి రావడం ఎన్నో ఏళ్ళ తరవాత ఇదే.

"ఆయన ఇక్కడ వద్దంటే అంతే లక్ష్మమ్మా. లారీ వస్తుంది, ఎక్కించుకుని పోతారు," అంది హరిణి.

"దొరని కూడానా?"

"దొరనే ముందు."

లక్ష్మీదేవికి అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందన్న బెంగ లేకపోలేదు కానీ, అది రెండోది. అసలు బెంగ, పొద్దున్నే తలుపు తీస్తే పలకరించడానికి ఎవరూ లేని గదులది. పెద్దాయన వచ్చేసరికి అన్నీ కళకళలాడాలి, చూడగానే "ఇవి ఈడే బాగుండాయి" అని ఆయన నోటంట రావాలి అని ఆమె పట్టుదల. పట్టుదల మంచిదే. ఎటు తిరిగినా అది ఆమె చేతుల్లోకే దిగుతుంది, అదే చిక్కు.

నవమికి ముందు రోజు మధ్యాహ్నం హరిణి నడిమి గది పెట్టె తాళం తీసి, దొరను కిటికీ పక్కన బల్లమీద మెత్తని గుడ్డ పరిచి పడుకోబెట్టింది. పాత నూనె తుడిచి కొత్త నూనె రాయాలని ఆమె ఉద్దేశం. ఇంతలో సెక్రటరీ కబురు పెట్టాడు. పెద్దాయనకు ఏం చెప్పాలో మాట్లాడుకుందాం, ఊళ్ళోకి రమ్మన్నాడు. హరిణి తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

లక్ష్మీదేవి ఆ గది ఊడ్వడానికి వచ్చింది. ఇన్నేళ్ళలో దొరను అద్దం అడ్డం లేకుండా, వెలుతురులో చూడడం ఆమెకు అదే మొదలు. చూసి నోరు నొక్కుకుంది. కత్తి పొడుగునా బూడిద రంగు. అదైనా ఒక రంగుగా ఉందా అంటే, లేదు. పిడి దగ్గర్నుంచి మొనదాకా చారలు చారలుగా, గంజి ఒలికి ఎండిపోయినట్టు మరకలు. పండగ నాడు కూడా పాత మొగుడేనా అన్న సామెత ఆమెకు గుర్తొచ్చింది.

"అయ్యో దొరా! నీ ముకం చూసేవాళ్ళే లేరు కదప్పా," అంది.

ఇక్కడ లక్ష్మీదేవి పక్షాన ఒక మాట చెప్పాలి. తోమకూడదన్న నియమం పండగ ముందు ఆమెకు గుర్తు రాలేదు కానీ, గ్లవ్స్ నియమం మాత్రం తప్పలేదు. ముందుగా సొరుగు తీసి తెల్ల గ్లవ్స్ తొడుక్కుంది. వేలు వేలుకూ సరిగా పట్టిందో లేదో చూసుకుంది. ఆ తరవాతే పెరట్లోకి వెళ్ళి, పాత గోడ కూలగొట్టినప్పుడు మిగిలిన ఇటుక ఒకటి తెచ్చి, మెత్తగా నూరి, పైట చెంగులో జల్లించింది. కొబ్బరిపీచు ఇంటినుంచే తెచ్చిన సంచిలో ఉంది. ఇక భుజం వేసి తోమడం మొదలుపెట్టింది. చారలు మొండివి. ఒకచోట పోతే ఇంకోచోట పలచగా కనిపించేవి. "మీరు మొండోళ్ళయితే నేను కదిరిదాన్ని" అని వాటితో మాట్లాడుతూనే తోమింది. ఎండ వాలేసరికి కత్తి అద్దంలా మెరిసింది. వంగి చూస్తే తన ముక్కుపుడక అందులో కనిపించింది. హరిణి రాసే నూనే పలచగా రాసి, గుడ్డ సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. పిల్లకు తలంటి, పట్టు పరికిణీ కట్టిన తల్లికి ఎంత సంతోషమో అంత సంతోషపడింది పాపం.

హరిణి సాయంత్రం తిరిగొచ్చింది. గది గుమ్మంలోనే ఆగిపోయింది. అరవలేదు. నెమ్మదిగా వచ్చి, కత్తిని గ్లవ్స్ చేతులతో ఎత్తి, కిటికీ వైపు ఇటూ అటూ వంచి చూసి, మళ్ళీ పడుకోబెట్టి, పక్కనే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"ఏమి పాపా? బాగలేదా?" అంది లక్ష్మీదేవి.

"ఆ చారలు మరకలు కాదు లక్ష్మమ్మా."

"మరేమి?"

"ఆ కత్తి గొప్పంతా అవే. మామూలు ఇనుము కాదది. మనవాళ్ళు మట్టి మూసలో పెట్టి రోజుల తరబడి కాచి తీసిన ఉక్కు. దాన్ని సాగగొట్టి కత్తి చేస్తే, లోపల్నుంచి అట్లా నీళ్ళు కదిలినట్టు గీతలొస్తాయి. అట్లా చేయడం ఇప్పుడు ఎవరికీ సరిగ్గా రాదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో దానికోసం పడి చచ్చారు. ఈ మ్యూజియం మొత్తంలో ఆ గీతలున్న కత్తి ఇదొక్కటే."

లక్ష్మీదేవి గోడకు ఆనుకుంది. తన చేతుల వంక చూసుకుంది. గ్లవ్స్ నిండా ఎర్రటి దుమ్ము.

"మళ్ళీ రావా?" అని అడిగింది.

"లోపల ఉండే ఉంటాయి. పైపైన అరిగిపోయాయంతే. పులుపు తగిలితే మళ్ళీ బయటపడతాయని చదివాను. ట్రైనింగ్‌లో ఒక విరిగిన ముక్క మీద చూశాను కూడా. కానీ ఇంత మంచి కత్తి మీద నేనెప్పుడూ చేయలేదు. ల్యాబ్ కావాలి, పర్మిషన్ కావాలి. రేపటికి అయ్యే పని కాదు. చేసినా, వస్తాయని గ్యారంటీ లేదు." హరిణి లేచి, ఆమె చేతి గ్లవ్స్ తనే లాగి తీసింది. "మీరు ఎవరికీ చెప్పొద్దు. సెక్రటరీకి తెలిస్తే రేపే పంపించేస్తారు. తెరలు వేసేద్దాం. లైటు తగ్గిస్తాను. పెద్దాయన చూపు కూడా అంతంత మాత్రమే అంటున్నారు కదా."

ఇంటికి పోయి లక్ష్మీదేవి లింగన్నతో ఏమీ చెప్పలేదు. తలనొప్పి అని గోడ వైపు తిరిగి పడుకుంది. నా చేతులు విరగా అని తనను తాను తిట్టుకుంటూనే తెల్లవార్చింది.

నవమి నాడు సొన్నప్ప వచ్చాడు. సెక్రటరీ తన ఇంట్లో పూజ ఉందని, ఆయన్ని చూసుకునే పని హరిణికే అప్పజెప్పాడు. తెల్ల పంచె, మెడ చుట్టూ జరీ కండువా, చేతికర్ర. నడక నెమ్మదిగానే ఉంది కానీ వెన్ను వంగలేదు. వెనకాల చేతన్ ఫోను చెవికి పెట్టుకుని రిసార్టు మనిషితో, "ఇంకో అరగంటలో చెప్పేస్తాం సార్" అంటూ నడుస్తున్నాడు. డ్రైవరు పూలూ, గుమ్మడికాయా, నిమ్మకాయల పళ్ళెమూ తెచ్చి నడిమి గదిలో పెట్టి, కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

పెద్దాయన ఒక్కో పెట్టె దగ్గరా ఆగి చూశాడు. అంకుశాన్ని చూసి నవ్వుకున్నాడు. కటార్ల దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హరిణి ప్రాణం కొంచెం కుదుటపడింది. చివరికి దొర దగ్గరికి వచ్చాడు.

"యాలమ్మా ఇంత చీకటి? ఆ తెర తియ్యి," అన్నాడు.

హరిణి కదలలేదు. ఆయనే కర్రతో తెర పక్కకు నెట్టాడు. ఎండ బల్లమీద పడింది. గ్లవ్స్ ఇస్తే బుద్ధిగా తొడుక్కుని, రెండు చేతులా కత్తి ఎత్తి, ఎండకు వంచాడు. ఇటు వంచాడు. అటు వంచాడు. ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఇది మాది కాదు," అన్నాడు.

కత్తి పొడుగునా ఇంకోసారి వేలు పోనిచ్చి చూశాడు.

"నవమి వస్తే మా తాత నన్ను తొడమీద కూర్చోబెట్టుకొని, ఈ కత్తిని ఎండలో ఇట్లా పట్టి, 'చూడరా, ఏరు పారతా ఉండాది' అనేటోడు. నిజంగానే పారేది. పిడికాడ పుట్టి మొనదాకా పోయేది. తడి ఉంటాదేమో అని నేను వేలు పెట్టి చూసేవాడిని. దీంట్లో ఏరు యాడుండాది? ఇది ఎవరో అంగట్లో కొన్న కత్తి." ఆయన హరిణి వైపు తిరిగాడు. "మా కత్తి ఎవరికి అమ్ముకొన్నారు?"

"నేను చెప్పలేదా తాతా?" అన్నాడు చేతన్ ఫోను దించి. "ఇట్లాంటి చోట సెక్యూరిటీ అంతే. తాళాలు ఎవరి దగ్గరుంటాయి? మీ దగ్గరే కదా మేడమ్? కంప్లైంట్ ఇచ్చేద్దాం."

"సార్, అది లైటింగు... నూనె కొత్తగా..." అంది హరిణి. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి. చూసేవాళ్ళకు దొంగ దొరికినట్టే ఉంది.

లక్ష్మీదేవి గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఎవరికీ చెప్పొద్దని హరిణి చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. కానీ తన ఉద్యోగం నిలబెట్టడానికి ఆ పిల్ల మెడకు దొంగతనం చుట్టుకుంటుంటే నోరు మూసుకుని ఉండడం ఆమె ఒంట్లోనే లేదు.

"కత్తి మీదే సామీ," అంది ముందుకు వచ్చి. "నేనే తోమేసినా."

సొన్నప్ప ఆమె వైపు తిరిగాడు.

"ఇటుకపొడితో తోమినా. ఆ పాపకి ఏమీ తెలీదు, ఊళ్ళోకి పోయింటే చేసినా. పండగ కదా, దొర ముకం మీద మరకలుండాయే అనుకొంటి. ఏరని నాకు తెలీలేదు సామీ."

చేతన్ నవ్వాడు. "ఇటుకపొడితో కత్తి తోమిందంట! ఎవరు నేర్పించారమ్మా ఈ కథ?"

సొన్నప్ప నవ్వలేదు. "ఉక్కులో పారే ఏరు ఇటుకపొడికి పోతాదా? ఇంకొకరి తప్పు నీమీద వేసుకోమని ఎవరన్నా చెప్పినారా? నిజం చెప్పు, నిన్ను ఏమీ అనను."

తిట్టినా బాగుండేది. ఇంత నిజం చెప్పినా నమ్మకపోవడం లక్ష్మీదేవికి దుఃఖం తెప్పించింది. "ఎవరు చెప్తారు సామీ? నా తలకాయే నాకు చెప్పింది. దినామూ పొద్దున్నే దొరని పలకరించి, ఆమీదనే చీపురు పట్టుకొంటా. ఆయన్ని ఇంకొకరికి అమ్ముతానా నేను?"

"దొర ఎవరు?"

లక్ష్మీదేవి సిగ్గుపడింది. ఏడుపు మధ్యలోనే సిగ్గు. వేలెత్తి కత్తిని చూపించింది.

సొన్నప్ప చేతిలోని కత్తి వంక చూశాడు, ఆమె వంక చూశాడు. కత్తిని బల్లమీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. "ఊఁ," అన్నాడు. "మాది అయితే, మాదని ఎట్లా తెలుస్తాది?"

ఆ ప్రశ్న హరిణికి. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. వస్తే వచ్చినట్టు, రాకపోతే దొంగతనం ఖాయమైనట్టు. లక్ష్మీదేవికి అది ఆమె ముఖంలోనే తెలిసింది.

"గీతలు లోపల ఉండాలి సార్. ఇప్పుడే, మీ ముందే చూద్దాం. మీ కత్తికి ఏం చేయాలన్నా మీ అనుమతి కావాలి. మీరు ఊఁ అనండి. రాకపోతే కంప్లైంట్ ఇవ్వండి."

"కానీ," అన్నాడు సొన్నప్ప.

హరిణి సెక్రటరీకి ఫోను చేసి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పి, అవతలివాడు కేకలేస్తుండగానే పెట్టేసింది. పిడికి దగ్గరగా బెత్తెడు మేర నూనె పోయేదాకా స్పిరిట్‌తో తుడిచింది. తరవాత పూజ పళ్ళెంలోంచి ఒక నిమ్మకాయ తీసుకుంది. "పూజల్లో నిమ్మకాయలు ఆయుధాల దరిదాపుల్లోకి రానివ్వొద్దని సెక్రటరీతో పోట్లాడింది నేనే. ఈ ఖర్మ నాకే పట్టాలి," అని గొణుక్కుంటూ దాన్ని కోసి, దూదితో ఆ రసం అద్ది, ఆగింది. నీళ్ళతో తుడిచింది. ఏమీ లేదు. మళ్ళీ అద్దింది. మెరుపు కొంచెం తగ్గి, ఆవిరి పట్టిన అద్దంలా మసకబారింది. అంతే. ఇంకోసారి అద్దబోయి రసం బల్లమీద ఒలకబోసింది. చేతన్ మెట్ల వైపు నడుస్తూ మళ్ళీ ఫోను అందుకున్నాడు.

"నువ్వు బయపడతా ఉండావు. దూది ఆయమ్మకి ఇయ్యి," అన్నాడు సొన్నప్ప.

"వద్దు సామీ! నేనింక దాన్ని తాకను," అంది లక్ష్మీదేవి వెనక్కి జరిగి.

"చెడగొట్టేటప్పుడు నన్ను అడగలేదు కదా. ఇప్పుడు నేనే చెప్తా ఉండా. రా."

ఆమె వచ్చింది. గ్లవ్స్ కోసం అలవాటుగా సొరుగు తీసింది. హరిణి పక్కనే నిలబడి, గట్టిగా రుద్దొద్దనీ, ఒకే వైపుకు, పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు పోనివ్వమనీ చెప్పింది. లక్ష్మీదేవి అట్లాగే చేసింది. అద్దింది, ఆగింది, తుడిచింది. నిన్న ఈ చేతులతోనే భుజం వేసి తోమిన చోట ఇప్పుడు ఊపిరి గట్టిగా వదలడానికే భయపడుతోంది. మసక మసకగానే ఉంది. ఇంకోసారి అద్దింది. కళ్ళలో నీళ్ళు అడ్డం వచ్చి, ముందు ఆమెకే కనబడలేదు.

"ఆగు," అన్నాడు సొన్నప్ప.

మసక విడిపోతోంది. వెంట్రుకంత సన్నంగా ఒక నల్లని గీత, దాని పక్కన తెల్లగా ఒకటి, మళ్ళీ నల్లగా ఒకటి. అవి వంకర తిరిగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, విడిపోయి, మళ్ళీ కలిశాయి. బెత్తెడు మేరా ఏరు పారింది. అది దాటాక మళ్ళీ ఉత్త మెరుపే.

సొన్నప్ప కుర్చీ పట్టుకుని లేచాడు. గ్లవ్స్ తీసేశాడు. హరిణి వద్దనబోయి మానుకుంది. ఆయన చూపుడు వేలు ఆ గీతల మీద పెట్టి, వేలు ఎత్తి చూసుకున్నాడు. నిమ్మరసం తడి. ఆయన పసిపిల్లాడిలా నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మాదే," అన్నాడు.

చేతన్ కూడా వెనక్కి వచ్చి, వంగి చూసి, "సారీ మేడమ్," అన్నాడు నెమ్మదిగా. నిజంగానే సిగ్గుపడ్డాడు. "కానీ తాతా, ఇదే చెప్తున్నా. ఇక్కడ ఉంటే ఇట్లాగే అవుతుంది. వాళ్ళయితే గాజు వెనకాల సీల్ చేసేస్తారు. రిసార్టాయన లైన్లోనే ఉన్నాడు. ఏం చెప్పమంటావు?"

"నవమికి ఎవరు తోముతారంటనో అడుగు."

"తోమడమేంది తాతా? అక్కడ ఎవరూ ముట్టుకోరు."

"అదే నేను చెప్పేది కూడా. ఎవరూ ముట్టుకోరు. మేకు కొట్టి తగిలిస్తారు, ఫోటోలు తీసుకొంటారు, పండగ వచ్చిందని కూడా ఆ గోడకి తెలీదు. ఈయమ్మ తన ఇంటి కొడవలి అనుకొని తోమింది. చెడగొట్టింది, కాదనను. కానీ మా కత్తికి మురికి పట్టిందే అని బేజారు పడిన మనిషి మా ఇంట్లో కూడా ఎవరూ లేరప్పా. నేనే ఎన్ని ఏండ్లకి వచ్చినా? ఇయ్యనని చెప్పు వాళ్ళకి. అన్నీ ఈడే ఉంటాయి."

హరిణి స్టూలు మీద కూర్చుని, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. పొద్దుటినుంచీ బిగబట్టుకున్న ఏడుపు అది. లక్ష్మీదేవి ఆమె వీపు నిమురుతూ, "ఊరుకో పాపా, దొర పోలేదు కదా," అంది, తనూ ఏడుస్తూ. చేతన్ కిటికీ దగ్గరికి వెళ్ళి రిసార్టు మనిషికి క్షమాపణలు చెప్పుకుంటున్నాడు.

"ఇంక ఇటుకపొడి నీ చేతిలో చూసినానంటే ఊరుకోను," అన్నాడు సొన్నప్ప లక్ష్మీదేవితో, కర్ర ఎత్తి బెదిరిస్తూ.

"ఒట్టు సామీ."

హరిణి కళ్ళు తుడుచుకుని లేచి, రసం కత్తిని తినేయకుండా వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, నూనె రాసింది. నూనె కింద ఆ బెత్తెడు ఏరు ఇంకా స్పష్టంగా కనిపించింది. పెద్దాయన దానిమీదినుంచి చూపు తిప్పుకోలేక, "మిగతాది ఎప్పుడు తెస్తారు?" అని అడిగాడు.

"నిమ్మకాయతో ఇంకొద్దు సార్. పద్ధతిగా, కొంచెం కొంచెంగా చేయాలి. లక్ష్మమ్మను పక్కన పెట్టుకుని నేనే చేస్తాను. కానీ తొందరపడితే పాడైపోతుంది. మొనదాకా రావాలంటే చాలాకాలం పడుతుంది. ఏళ్ళు పట్టినా పట్టొచ్చు."

"ఏండ్లా?" సొన్నప్ప నవ్వాడు. "నాకు ఎనబై దాటినాయి తల్లీ. అది మొనదాకా పారేది చూడల్లంటే అన్ని ఏండ్లు నేను ఉండల్ల కదా."

లక్ష్మీదేవి పళ్ళెంలోంచి కుంకుమ భరిణె తీసి ఆయన చేతికి అందించింది.

"ఉండండి సామీ," అంది. "తొందరేముండాది?"